కడపలో రీసెర్చ్‌కి వచ్చి రూమ్ పంచుకునేవాళ్లకి

ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలో తాళపత్రాలు చూడ్డానికి వచ్చేవాళ్లు నడిచి వెళ్లేంత దూరంలోనే రూమ్ వెతుక్కోండి. మే నెల మధ్యాహ్నం కడప ఎండలో ఆటో కోసం నిలబడలేరు.

చేరకముందే "నేను ఫలానా నెల దాకే ఉంటాను" అని రూమ్మేట్స్‌కి చెప్పేయండి. అడ్వాన్స్ ఎవరు తిరిగిస్తారో ఓనర్ ముందే తేల్చుకోండి. పాతవాళ్ల చేతికిచ్చి ఊరుకుంటే, ఖాళీ చేసే రోజు కొత్త మనిషి దొరికేదాకా ఆగమంటారు. చేరిన రోజే కరెంటు మీటర్ ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. కూలర్ రాత్రంతా తిరిగే ఇంట్లో గొడవ బిల్లు దగ్గరే మొదలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. కొళాయి ఎప్పుడొస్తుంది, మోటార్ ఎవరేస్తారు, క్యాన్ తెచ్చే వంతు ఎవరిది, మొదటి రోజే అడగండి.

మా రూములో రాత్రి సంగటే. కెలకడం నాకు చేతకాదు కాబట్టి గిన్నెలు తోమే పని నేను తీసుకున్నాను, అందరికీ అదే నచ్చింది. సంగటి తీయగానే గిన్నెలో నీళ్లు పోసేయండి; ఆరిందంటే అడుగు గీకలేక చేతులు పడిపోతాయి.

మీతో ఉండేవాళ్లు గ్రూప్స్‌కి చదువుతుంటే, ఫోన్‌లో నోట్స్ చెప్పుకోవడానికి మేడ మీదకి వెళ్లండి, పాపం వాళ్లకీ పరీక్ష టెన్షన్ ఉంటుంది. రాసుకున్న కాగితాలు మాత్రం కూలర్ ఎదురుగా పెట్టకండి, తేమకి మెత్తబడి సిరా అలుక్కుపోతుంది.