రాత్రి బిడ్డ ఏడిస్తే ఎవరు లేవాలి? కొత్త అమ్మానాన్నలు పని పంచుకోవడం ఎలా?

మన ఇళ్లలో మొదటి కాన్పు చాలావరకు పుట్టింట్లోనే. తల్లి పక్కన వాళ్లమ్మ ఉంటుంది. తండ్రి శుక్రవారం రాత్రి బస్సెక్కి వస్తాడు, బిడ్డను ఎత్తుకుని నాలుగు ఫొటోలు దిగుతాడు, ఆదివారం రాత్రి మళ్లీ బస్సెక్కుతాడు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి ఆమెకు అన్నీ అలవాటైపోయి ఉంటాయి, ఆయనకు డైపర్‌కు ముందేదో వెనకేదో తెలియదు. "నీకు తెలుసుగా, నువ్వే చూడు" అని ఆయన, "ఒక్క రాత్రైనా లేచావా" అని ఆమె. గొడవలు అక్కడే మొదలవుతాయి.

రొమ్ముపాలు ఇవ్వడం ఒక్కటే తల్లి తప్ప ఇంకొకరు చేయలేని పని. దానికి ముందూ వెనకా ఉన్న పనులన్నీ తండ్రి చేయగలడు. ఆ పనులేమిటో, ఎప్పుడు ఎవరు అందుకోవాలో వరసగా చూద్దాం.

1. సెలవు సంగతి కాన్పుకు ముందే తేల్చుకోండి

ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 చట్ట సవరణతో వచ్చింది. తండ్రి విషయంలో అలాంటి చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. ప్రైవేటులో కంపెనీ ఎంతిస్తే అంతే. హెచ్‌ఆర్‌ను ఏడో నెలలోనే అడిగి పెట్టుకోండి.

నన్నడిగితే ఆ సెలవంతా బారసాల ఏర్పాట్లకు ఖర్చు పెట్టడం దండగ. ఆసుపత్రి రోజులకు మామూలు సెలవులు వాడి, తల్లీబిడ్డా పుట్టింటి నుంచి వచ్చే వారానికి దీన్ని దాచుకోవడం మేలు. అమ్మమ్మ పక్కన లేని మొదటి వారం అదే.

2. ఆసుపత్రిలో: ఎవరి అమ్మకు వాళ్లే చెప్పుకోవాలి

బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. సిజేరియన్ అయినా తల్లి మెలకువగా ఉంటే పట్టించవచ్చు, కాకపోతే బిడ్డను పక్కన పట్టుకునే మనిషి కావాలి. మొదట వచ్చే చిక్కటి ముర్రుపాలు పిండి పారబోయకూడదు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం ఏవీ నాలుకకు రాయకూడదు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఏడాదిలోపు పిల్లలకు ప్రాణం మీదకు తేగలదు. ఆరు నెలలు నిండేదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు, మే నెలలో అయినా సరే.

ఈ మాటలు పెద్దవాళ్లకు చెప్పేదెవరు? కుట్లతో పడుకున్న మనిషి అత్తగారితో వాదించలేదు. తేనె సీసా తెచ్చింది తన తల్లి అయితే ఆపాల్సింది కొడుకే. అటువైపు పెద్దవాళ్లకు కూతురు చెప్పాలి. పథ్యం గొడవకు ఇంకో ఉపాయం ఉంది. పాలిచ్చే తల్లికి రోజూ మామూలు కంటే దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి, దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. కారప్పొడి అన్నం, కొలిచి ఇచ్చే గ్లాసుడు వేడినీళ్లు సరిపోవు. ఆ మాట అల్లుడు చెబితే అలకలొస్తాయి. డిశ్చార్జి రోజున డాక్టరు చేత, పెద్దవాళ్ల ఎదుటే చెప్పించండి.

3. "పాలు పడలేదు" అన్నప్పుడు లెక్క చూడండి

రెండో రోజుకల్లా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. డబ్బా పాలు వెంటనే గుమ్మంలోకి వస్తాయి. నిజానికి పాలు నిండుగా దిగేది మూడో రోజు అటూ ఇటూ. అప్పటిదాకా చెంచాల్లో వచ్చే ముర్రుపాలే చాలామంది బిడ్డలకు సరిపోతాయి.

సరిపోతున్నాయో లేదో ఉచ్చ లెక్క చెబుతుంది. మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, ఐదో రోజు దాటాక రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ. తారులా నల్లగా ఉన్న విరేచనం ఐదో రోజుకు పసుపు పచ్చగా మారాలి. పుట్టిన బరువులో కొంత తగ్గడం మామూలే, రెండు వారాల్లోపు మళ్లీ రావాలి. పదో వంతు దాకా తగ్గితే మాత్రం డాక్టరు చూడాలి.

ఈ లెక్క తండ్రి పని. బీరువా తలుపుకు ఒక కాగితం అంటించి ఎన్ని గంటలకు పాలు తాగింది, ఎన్నిసార్లు తడిపింది గీతలు పెట్టండి. మొబైల్ యాప్‌లూ ఉన్నాయి గానీ, రాత్రి మూడింటికి ఫోన్ చేతిలోకి తీసుకున్నవాడు రీల్స్ చూడకుండా కింద పెట్టడు.

4. పాలు పట్టేటప్పుడు ఆయన కళ్లు కావాలి

తల్లి పైనుంచి చూస్తుంది కాబట్టి బిడ్డ గడ్డం, కింది పెదవి ఆమెకు కనిపించవు. పక్కన మోకాళ్ల మీద కూర్చున్న మనిషికి కనిపిస్తాయి. ముందుగా బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆని ఉందా, తలా ఒళ్లూ ఒకే వరసలో ఉన్నాయా చూడండి. మెడ పక్కకు తిప్పుకుని మింగడం మనకూ కష్టమే. చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకిస్తే నోరు తెరుస్తుంది. ఆవులించినంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు బిడ్డను రొమ్ము దగ్గరకు తీసుకురావాలి. రొమ్మును బిడ్డ వైపు వంచితే ఆ నడుం నెప్పి నెలల తరబడి వదలదు.

సరిగ్గా పడితే గడ్డం రొమ్ముకు ఆనుతుంది, కింది పెదవి బయటికి మడత పడుతుంది, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది. మొదట గబగబా చప్పరించి, తర్వాత నెమ్మదిగా లాగి మింగుతుంది, గుటక వినిపిస్తుంది. బుగ్గలు లోపలికి పోతున్నా, టక్ టక్ మని శబ్దం వస్తున్నా, గిల్లినట్టు నొప్పి ఆగకుండా ఉన్నా పట్టు సరిగా లేదని అర్థం. లాగేయకండి. తల్లి చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి పట్టు విడిపించి, మళ్లీ మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులు ప్రయత్నించినా కుదరకపోతే ఆసుపత్రిలో పాలిచ్చే విధానం తెలిసిన నర్సును పిలిచి చూపించుకోండి, పుండ్లు పడేదాకా ఆగొద్దు.

ఆయన చేయాల్సింది ఇంకొకటి: పాలు దిగే క్షణంలో ఆమెకు నోరెండిపోతుంది, అడగకముందే చేతికి నీళ్ల గ్లాసు అందించడం.

ఆకలి తెలియడానికి ఏడుపు దాకా ఆగనక్కర్లేదు. పెదవులు చప్పరించడం, గుప్పెట నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పి వెతకడం ముందే కనిపిస్తాయి. గుక్కపట్టాక రొమ్ము పట్టించడం ఎంత కష్టమో ఒక్కసారి చూస్తే చాలు.

5. పాలు తాగాక బిడ్డ నాన్నది

త్రేన్పు, డైపర్, నిద్ర. మూడూ ఆయనవే. బిడ్డను భుజానికి వేసుకుని వీపు మీద మెల్లగా తట్టండి. లేదా ఒళ్లో కూర్చోబెట్టి, దవడ కింద వేళ్లు ఆనించి (గొంతు కింద కాదు) కొంచెం ముందుకు వంచి నిమరండి. ఐదు నిమిషాల్లో త్రేన్పు రాకపోతే వదిలేయండి, ప్రతిసారీ రావాలని లేదు.

నిద్రపుచ్చడానికి చొక్కా విప్పిన తండ్రి ఛాతీ బాగా పనిచేస్తుంది. డైపర్ ఒక్కటే ఉంచి బిడ్డను బోర్లా ఛాతీ మీద ఆనించుకుని, వీపు మీద పల్చటి దుప్పటి వేయండి. ఒళ్లు ఒంటికి తగిలితే బిడ్డకు వెచ్చదనం అందుతుంది, ఊపిరి కుదురుగా సాగుతుంది. ఒక్క షరతు: ఆయన మెలకువగా ఉండాలి. సోఫాలో బిడ్డతో కునుకు తీయడం ప్రమాదం. కళ్లు మూసుకుపోతుంటే బిడ్డను పడుకోబెట్టేయాలి.

ఎక్కడంటే, గట్టిగా చదునుగా ఉన్న పక్క మీద, వెల్లకిలా. దిండ్లు, బొంత, బొమ్మలు ఏవీ వద్దు. తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండు కూడా ఆ లెక్కలోదే. చీర ఉయ్యాల మన ప్రాణం, కాదనను. అందులో బిడ్డ మెడ ముందుకు ముడుచుకుపోతుంది కాబట్టి పగలు ఎదురుగా మనిషి ఉన్నప్పుడే ఊపండి, రాత్రికి పక్క మీదకు మార్చండి. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా కారణం లేకుండా ఏడ్చే పిల్లలు చాలామంది. ఇది ఆరో వారం దాకా పెరిగి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆకలి, తడి, ఉక్క ఈ మూడూ చూడండి. మెడ వెనక చెమట తగిలితే ఉన్ని టోపీ తీసేయండి. ఏదీ కాకపోతే ఎత్తుకుని తిరగడమే. ఓపిక నశించినప్పుడు బిడ్డను పక్క మీద వెల్లకిలా ఉంచి, ఇంకొకరిని పిలిచి, బయటికెళ్లి రండి. కోపంలో బిడ్డను కుదిపితే మెదడు దెబ్బతింటుంది.

6. రాత్రిని రెండు ముక్కలు చేయండి

మొదటి వారాల్లో బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతుంది. తల్లి లేవకుండా కుదరదు. ఆయన బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టి, తాగాక తీసుకెళ్లిపోతే గంట మెలకువ ఇరవై ముప్పై నిమిషాలకు దిగుతుంది. తొమ్మిది నుంచి రెండు దాకా ఆయన కాపలా, ఆ తర్వాత ఆమె. ఆయన కాపలాలో ఆమె వేరే గదిలో పడుకోవాలి. ఒకే గదిలో అయితే బిడ్డ మూలిగిన ప్రతిసారీ ఆమెకే మెలకువ వస్తుంది.

నెల దాటి పాలు కుదురుకున్నాక పిండిన పాలతో ఒక విడత ఆయనే పట్టొచ్చు. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి. మన ఎండాకాలంలో ఆ నమ్మకం వద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజుల దాకా వాడొచ్చు. వేడినీళ్ల గిన్నెలో గ్లాసు ఉంచి వెచ్చబెట్టాలి. ఉగ్గుగిన్నె అంచును కింది పెదవికి ఆనించి, బిడ్డ చప్పరించుకుని తాగేలా పట్టండి, నోట్లో పోయకండి.

డాక్టరు డబ్బా పాలు రాస్తే అందులో తప్పు పడాల్సింది ఏమీ లేదు. నీళ్లు మరిగించి, దించిన అరగంటలోపే ఆ వేడిలో కలిపి, బాగా చల్లార్చి పట్టండి. కొలత డబ్బా మీద ఉన్నంతే. పొదుపని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డ ఎదగదు.

7. ఊరు వేరైతే

ఫోన్ చేసి "బుజ్జిది ఏం చేస్తోంది" అనే ముందు "తిన్నావా, కాస్త పడుకున్నావా" అని అడగండి. వెళ్లిన శనివారం రాత్రి పూర్తిగా మీదే, అత్తగారిని కూడా పడుకోనివ్వండి. స్నానం చేయించడం ఆవిడ దగ్గరే నేర్చుకోండి. 21 రోజుల్లో జననం నమోదు, 6, 10, 14 వారాల టీకాలు మీ ఖాతాలో వేసుకోండి.

అమ్మకూ ఒక మాట. ఆయన డైపర్ వంకరగా కట్టినా కట్టనివ్వండి. "అలా కాదు, ఇటివ్వు" అని నాలుగుసార్లు అంటే ఐదోసారి ఆయన చేయి చాపడు. రాత్రి రెండింటికి వచ్చిన గొడవను అప్పుడే తేల్చుకోకండి, పొద్దున టిఫిన్ అయ్యాక మాట్లాడుకోండి.

8. ఆగకూడని సంగతులు

మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరినా, పాలు మానేసినా, లేపితే లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, మొదటి రోజే కామెర్లు కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తల్లికి రక్తం ఎక్కువ పోతున్నా, జ్వరం వచ్చినా అంతే.

మూడో రోజు ప్రాంతంలో ఊరికే ఏడుపు రావడం చాలామంది బాలింతలకు ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. ఆ తర్వాతా నిద్ర పట్టక, దేని మీదా ఇష్టం లేక, బిడ్డను చూస్తే భయమేస్తుంటే అది జబ్బు, మందుంది. తండ్రులకూ వస్తుంది, వాళ్లు చెప్పరంతే. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లే బాధ్యత రెండో మనిషిది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనో బిడ్డను ఏదో చేయాలనో ఆలోచన వచ్చిందని నోటితో అంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.