ట్రాకర్ లేకుండా టోరెంట్ పంచుకోవడం ఎలా?

టోరెంట్ అంటే ఫైల్‌ను కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా పంచుకునే పద్ధతి, అది ఎవరి దగ్గరుందో చెప్పే సర్వరే ట్రాకర్. మీ సొంత వీడియోనో, ఉబుంటు ఐఎస్ఓనో (ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంచుకోవడానికి అలాంటి సర్వర్ అక్కర్లేదు, క్యూబిట్‌టోరెంట్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ముందు సెట్టింగ్స్‌లో బిట్‌టోరెంట్ విభాగానికి వెళ్లి డీహెచ్‌టీ (ట్రాకర్ లేకుండా కంప్యూటర్లే ఒకదాన్నొకటి వెతుక్కునే ఏర్పాటు) ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత టూల్స్ మెనూలో టోరెంట్ క్రియేటర్ తెరిచి, ఫైల్ ఎంచుకుని, ట్రాకర్ గడి ఖాళీగా వదిలేయండి. 'ప్రైవేట్' దగ్గర మాత్రం టిక్ పెట్టొద్దు, పెడితే డీహెచ్‌టీ ఆ టోరెంట్ జోలికే రాదు. సీడింగ్, అంటే మీ కంప్యూటర్ ఫైల్‌ను ఇతరులకు అందించడం, మొదలయ్యాక ఆ టోరెంట్‌ను గుర్తుపట్టడానికి పనికొచ్చే మ్యాగ్నెట్ లింక్ కాపీ చేసి పంపండి.

ఆ లింక్‌లో మీ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) ఉండదు, మరి అవతలివాళ్లు మిమ్మల్ని ఎలా పట్టుకుంటారు? ఇక్కడ పనిచేసేది 2002లో మేమౌంకోవ్, మజియేర్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన కడెమ్లియా పద్ధతి. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి కంప్యూటర్‌కీ (దీన్నే నోడ్ అంటారు) 160 బిట్ల ఐడీ ఒకటి ఉంటుంది, టోరెంట్ హ్యాష్‌నీ (దాని వివరాల నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) అదే పొడవులో వాడతారు, ఈ రెండింటినీ ఎక్స్ఓఆర్ చేస్తే (బిట్ బిట్‌గా పోల్చి తేడా ఉన్నచోట 1 వేస్తే) వచ్చే సంఖ్యే వాటి మధ్య దూరం. మీరు హైదరాబాద్‌లో ఉన్నారా, డల్లాస్‌లో ఉన్నారా అన్నదానితో దీనికి సంబంధం లేదు. ఆ హ్యాష్‌కి దగ్గరి ఐడీలున్న కొన్ని నోడ్లే మీ అడ్రస్ గుర్తుపెట్టుకుంటాయి. వెతికేవాళ్లు తమకు తెలిసిన నోడ్లను అడిగితే అవి ఇంకాస్త దగ్గరివాటిని చూపిస్తాయి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు దారి అడుక్కుంటూ ఇల్లు చేరినట్టు. లక్షల నోడ్లున్నా కొద్ది అడుగుల్లోనే పని అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది పాతవాళ్లకిచ్చే విలువ. ప్రతి నోడ్ దగ్గరా తనకు తెలిసిన నోడ్ల అడ్రసులు పెట్టుకునే బకెట్లుంటాయి, బిట్‌టోరెంట్‌లో ఒక్కోదానిలో 8 అడ్రసులు. బకెట్ నిండాక, ఉన్నవి జవాబిస్తున్నంతకాలం కొత్తవాటికి చోటివ్వరు, ఎందుకంటే ఎక్కువసేపు ఆన్‌లో ఉన్న కంప్యూటర్ ఇంకా ఉండే అవకాశమే ఎక్కువని గ్నుటెల్లా అనే పాత ఫైల్ షేరింగ్ నెట్‌వర్క్ లెక్కల్లో అప్పటికే తేలింది. కొత్త ఐడీలతో ఎవరైనా ఒక్కసారిగా మీదపడినా మంచి అడ్రసులు చెదిరిపోవు.

అయితే మొదటిసారి లోపలికి రావాలంటే ముందే తెలిసిన ఒక నోడ్ అడ్రస్ కావాల్సిందే, అది సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. కింద స్టేటస్ బార్‌లో డీహెచ్‌టీ నోడ్లు సున్నా దగ్గరే ఆగిపోతే ఫైర్‌వాల్‌లో యూడీపీ (డీహెచ్‌టీ సందేశాలు పంపే పద్ధతి) ఆపేశారేమో చూడండి. నోడ్లు కనిపిస్తున్నా ఎవరూ కనెక్ట్ కాకపోతే మీ ఇంటర్నెట్ ప్రొవైడర్ పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా చేరగలిగే అడ్రస్) ఇవ్వకపోయి ఉండొచ్చు, అప్పుడు ఇద్దరిలో ఒకరైనా రౌటర్‌లో పోర్ట్ తెరవగలగాలి, లేదా ఇద్దరికీ ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) ఉంటే దాంతో ప్రయత్నించండి.

కనీసం ఇంకొకరికి ఫైల్ మొత్తం చేరేదాకా మీ సీడింగ్ ఆపొద్దు. ఆ టోరెంట్ వెతికే ఎవరికైనా మీ ఐపీ కనిపిస్తుంది, ఫైల్ కూడా దించుకోగలరు, కాబట్టి వ్యక్తిగత ఫైళ్లయితే ముందే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి పెట్టండి.