దస్తావేజులు రాసేవాడు నిబంధనను చదివే పద్ధతి

హన్మకొండలో ఇరవై ఏళ్లకు పైగా డాక్యుమెంట్ రైటర్‌గా చేస్తున్నాను. పొద్దంతా స్టాంపు పేపర్లు, సేల్ అగ్రిమెంట్లు, కిరాయి కాగితాలు. శుక్రవారం సాయంత్రం కాజీపేటలో ఒక ఇంట్లో పది పన్నెండు మందిమి కూర్చుని బైబిలు చదువుకుంటాం. 'నిబంధన' అన్న మాట దగ్గర నేను చాలా ఏళ్లు పొరబడ్డాను. మన వాడుకలో నిబంధన అంటే షరతే కదా. యాడ్‌ల చివర 'నిబంధనలు వర్తిస్తాయి' అని చిన్న అక్షరాల్లో వేస్తారే, అది. బైబిలులో అయితే అది దేవుడు మనుషులతో చేసుకున్న ఒప్పందం. ఆ షరతు చెవితో చదివితే దేవుడు ఇంటి ఓనరులా, నేను కిరాయికి ఉన్నవాడిలా అనిపించేది.

చివరికి నా పనే అక్కరకొచ్చింది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. 'నిబంధన' కనిపించిన ప్రతి చోటా నాలుగు సంగతులు రాయండి: పార్టీలు ఎవరు, మాట ఇచ్చింది ఎవరు, గుర్తు ఏమిటి, మాట తప్పితే దెబ్బ ఎవరికి.

ఆదికాండము 9తో మొదలుపెట్టండి, తేలిక. జలప్రళయం తర్వాత, ఇక అట్లాంటిది రానివ్వనని దేవుడు మాట ఇచ్చిన చోటు అది. రెండో పార్టీలో నోవహుతో పాటు పశువులు, పక్షులు కూడా ఉన్నాయి. గుర్తు మేఘంలో ధనుస్సు. దాన్ని చూసి జ్ఞాపకం చేసుకుంటానన్నది దేవుడే.

15వ అధ్యాయం దగ్గర మాత్రం తొందర వద్దు. నేనైతే వారం రోజులు అక్కడే ఉంటాను. అబ్రాముకు, అంటే తర్వాత అబ్రాహాము అయినవాడికి, సంతానం, దేశం ఇస్తానని దేవుడు మాట ఇచ్చిన చోటు అది. అబ్రాము పెయ్యను, మేకను, పొట్టేలును రెండేసి ముక్కలుగా కోసి ఎదురెదురుగా పెట్టాడు. హీబ్రూలో నిబంధనను 'కోయడం' అంటారు. ఆ ముక్కల మధ్య నడవడమంటే, మాట తప్పితే నాకూ ఇదే గతి అని ఒప్పుకోవడం. యిర్మీయా 34:18 పక్కన పెట్టుకుని చదివితే ఇది అర్థమవుతుంది. అక్కడ ముక్కల మధ్య నడిచింది జనం. ఇక్కడ అబ్రాము గాఢనిద్రలో ఉన్నాడు. దేవుడికి గుర్తుగా రాజుకుంటున్న పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే మధ్యలోంచి వెళ్లాయి. రెండో పార్టీ నిద్రపోతుంటే మొదటి పార్టీ ఒక్కడే సంతకం పెట్టిన దస్తావేజు నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు.

మరి అబ్రాము చేసిందేమిటి? ముక్కల మీద వాలిన పక్షులను తోలాడు. మా కూటంలో ఒక పెద్దమ్మ ఇది విని, "అంటే మనం వడ్లు ఆరబోసి పిట్టలను తోలినట్టే, గంతే పని" అంది. ఆ మాట అట్లాగే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

అంతటా ఇట్లాగే ఉంటుందనుకోకండి. నిర్గమకాండము 19:5లో దేవుడు ఇశ్రాయేలు జనంతో చేసిన నిబంధనలో షరతు ఉంది. మన బైబిలులో షరతును పట్టుకోవడం సులువు, 'యెడల' అని వస్తుంది. దాని కింద ఎర్ర గీత గీయండి. 24లో జనం అన్నీ చేస్తామన్నారు, 32కల్లా బంగారు దూడను చేసుకుని మొక్కారు. మోషే కోపంతో ఆజ్ఞల పలకలు పగలగొట్టాడు. నా టేబుల్ మీద అయితే ఆ అగ్రిమెంటు క్యాన్సిలే. 34లో దేవుడు మోషేతో మళ్లీ రెండు రాతి పలకలు చెక్కమన్నాడు. ఆ వెంటనే యిర్మీయా 31:31-34 చదవండి: ఈసారి రాత రాతి మీద కాదు, హృదయం మీద.

ఇంకో మాట, మా వృత్తిది. ఎఫెసీ 1:14లో పరిశుద్ధాత్మను 'సంచకరువు' అన్నారు. చాలామంది ఆ మాటను దాటేసి పోతారు. అది మన బయానానే. కాకపోతే మా దగ్గర బయానా కొనేవాడు ఇస్తాడు, అమ్మేవాడు జేబులో వేసుకుంటాడు. ఇక్కడ సొత్తు ఇచ్చేవాడే బయానా కూడా ఇస్తున్నాడు. నా లెక్కలో ఇది ఏ పద్దు కిందికీ రాదు.

చివరగా ఆదికాండము 28. బేతేలులో దేవుడు అబ్రాహాము మనవడు యాకోబుకు కలలో తోడుంటానని, తిరిగి తీసుకొస్తానని మాట ఇచ్చాడు. అందులో ఒక్క 'యెడల' కూడా లేదు. పొద్దున లేచి యాకోబు మొక్కుకున్నది చూడండి: అన్నం, బట్ట 'దయచేసిన యెడల' యెహోవా నాకు దేవుడు, పదో వంతు ఇస్తాను. ఇది చదివిన రాత్రే మీ వారం ప్రార్థనలు గుర్తున్నంత వరకు కాగితం మీద పెట్టి, 'ఇది చేస్తే అది చేస్తాను' అన్నవి లెక్కపెట్టండి. మొదటిసారి నావి పదకొండు తేలాయి. అందులో నాలుగు మా అబ్బాయి ఉద్యోగం గురించే.