ఇంకు పెన్ను మొరాయిస్తే, కక్కితే, గీరితే

క్యాప్ తీసి రాయబోతే మొదటి రెండక్షరాలు పడవు. విదిలిస్తే పడుతుంది, కాకపోతే కాగితం మీద కాదు, చొక్కా మీద. చాలామంది ఇక్కడే విసిగిపోయి ఇంకు పెన్నుని సొరుగులో పడేస్తారు. నిజానికి అందులో పాడయ్యే భాగాలు బహు తక్కువ. జబ్బుల్లో సగానికి పైగా గ్లాసెడు నీళ్లతో కుదురుతాయి. పెన్ను పోయేది ఎక్కువగా మన తొందర వల్లే. నీళ్లతో తేలిపోయేదానికి గుండుసూది, గోటితో సరిపోయేదానికి గరుకు కాగితం వాడితే ఆ పాళీ మళ్లీ దారికి రాదు. అందుకని వరస ఎప్పుడూ ఇదే: నీళ్లు, తర్వాత వేళ్లు, గరుకు కాగితం ఆఖరున.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పాళీ కింద ఆనుకుని ఉండే ముక్క నాలుక. పాళీకి తగిలే వైపు దాని మీద వెంట్రుకంత సన్నని గాడి ఉంటుంది. ఇంకు ఆ గాడి వెంట పాళీ చీలిక దాకా వచ్చి, చీలికలోంచి మొనకి దిగుతుంది. దిగిన ఇంకు చోట్లోకి గాలి వెళ్లాలి. వెళ్లకపోతే ఇంకు లోపలే వేలాడుతుంది. ఎక్కువ వెళితే ఇంకు బొట్లుగా జారుతుంది. 1884లో అమెరికాకి చెందిన లూయీ వాటర్‌మన్ పేటెంటు తీసుకున్నది ఈ రాకపోకల్ని అదుపులో పెట్టే నాలుకకే. నాలుక కింద దువ్వెన పళ్లలా కనిపించేవి సోకు కోసం పెట్టినవి కావు, అవసరానికి మించి దిగిన ఇంకుని కాసేపు పట్టి ఉంచే అరలు. ఇంకు రాకపోయినా, ఎక్కువొచ్చినా, లెక్క ఇక్కడే తప్పుతుంది.

కడగడం

కొత్త పెన్నుని కూడా కడిగే వాడాలి. తయారీలో అంటిన నూనె జిడ్డు నాలుక గాడిలో ఉండిపోతే ఇంకు దాన్ని అంటుకోకుండా జారిపోతుంది. కొత్త పెన్ను తెగి తెగి రాస్తోందంటే మొదటి అనుమానం ఈ జిడ్డు మీదే.

కన్వర్టర్ (మర తిప్పితే సీసాలోంచి ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం) ఉన్న పెన్నయితే ఇంకు వంపేసి, గ్లాసులో మామూలు చన్నీళ్లు పోసి, పాళీ మునిగేలా పెట్టి, పీల్చడం, వదలడం, ఇలా పది పదిహేనుసార్లు చేయాలి. రంగు కనబడగానే నీళ్లు మార్చాలి. కార్ట్రిడ్జ్ (ముందే ఇంకు నింపి అమ్మే చిన్న గొట్టం) తొడిగే పెన్నుకి ఇంకా తేలిక దారి ఉంది. చిన్న రబ్బరు బుడ్డి గానీ సూది తీసేసిన సిరంజి గానీ తెచ్చి, కార్ట్రిడ్జ్ తొడిగే వైపు బిగుతుగా ఆనించి నీళ్లు నొక్కితే నాలుగైదు సార్లలో శుభ్రమైపోతుంది. కన్వర్టర్ మర తిప్పీ తిప్పీ అరగదీసుకోవడం కన్నా ఇది నయం.

శుభ్రపడిందా లేదా అన్నది నీళ్ల రంగు చూసి తేల్చకండి. పాళీకి టిష్యూ చుట్టి, గ్లాసులో పాళీ కిందికి వచ్చేలా గంటసేపు నిలబెట్టండి. టిష్యూ మీద చీలిక దగ్గర రంగు గీత కనిపిస్తే నాలుకలో ఇంకా మిగిలినట్టే. అలాగే రాత్రంతా ఉంచితే ఆరిపోతుంది కూడా. ఆరకముందే ఇంకు పోస్తే మొదటి పేజీ వెలిసినట్టు వస్తుంది. అది లోపం కాదు, లోపలి నీళ్లు అయ్యేదాకా అంతే.

నెలల తరబడి ఎండిపోయిన పెన్నుకి ఓపిక కావాలి. పాళీ, వేళ్లతో పట్టుకునే భాగం మాత్రమే మునిగేలా రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్నే నీళ్లు మార్చి, గ్లాసుకి ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపి మళ్లీ పీల్చి వదలాలి. అప్పటికీ కరగకపోతే పది వంతుల నీళ్లకి ఒక వంతు ఇంట్లో వాడే అమ్మోనియా కలిపి పావుగంట ఉంచి, వెంటనే మంచినీళ్లతో బాగా కడిగేయాలి. అల్యూమినియం భాగాలున్న పెన్నుకి దీన్ని తగలనివ్వకండి. వేడినీళ్లు అసలు వద్దు, ప్లాస్టిక్ వంకరపోతుంది. స్పిరిట్, అసిటోన్ అంతకన్నా వద్దు, మెరిసే బ్యారెల్ (పెన్ను ఒంటి గొట్టం) మీద పగుళ్లు పాకుతాయి.

ఇదంతా తప్పాలంటే ఒకే ఇంకు వాడుతున్నా నెలకోసారి కడగాలి. రంగు మార్చినప్పుడల్లా కడగాలి. రెండు వారాలు రాయననుకుంటే ఖాళీ చేసి పెట్టాలి. రోజూ రాసే పెన్నుకి మాత్రం జబ్బులు తక్కువ.

మొరాయిస్తే

ఇంకు రావట్లేదని ఒకే మాటగా అంటాం గానీ, ఎప్పుడు రావట్లేదు అన్నదాన్ని బట్టి కారణం మారుతుంది.

రాత్రి మూతపెట్టి పొద్దున తీస్తే రాయదు, కాసేపటికి మామూలైపోతుంది. ఇది పాళీ తప్పు కాదు, క్యాప్‌ది. క్యాప్ మూతికి పెదాలు ఆనించి ఊదండి. గాలి ఎటో పోతోందంటే పాళీ మొన రాత్రంతా ఎండుతోందన్నమాట. కొన్ని క్యాప్‌లకి పైన కావాలనే కన్నం పెడతారు, పిల్లలు మింగినా ఊపిరాడాలని. అలాంటి వాటిలో పాళీని మూసి ఉంచేది లోపల ఉండే రెండో గొట్టం. కాబట్టి పై కన్నం మూయకండి, లోపలి గొట్టం వదులైందేమో చూడండి. అంతదాకా పాళీ మొనని ఒక క్షణం నీళ్లలో ముంచి టిష్యూతో అద్దితే చాలు, రాస్తుంది.

గీత మొదలెట్టినప్పుడల్లా పావు అంగుళం పడదు, ఆ తర్వాత హాయిగా సాగుతుంది. కొంచెం నొక్కితే మొదటి గీత కూడా పడుతుంది. ఇది వేరే జబ్బు. మొనని మరీ నున్నగా సానపట్టడం వల్ల చీలిక అంచులు లోపలికి గుండ్రమైపోయి, ఇంకు కాగితాన్ని అందుకోలేదు. ఎన్నిసార్లు కడిగినా పోదు. దీని సంగతి కింద చెబుతాను.

ఒక పేజీ బాగానే రాసి క్రమంగా పలచబడి ఆగిపోతే, పెన్ను విప్పి కన్వర్టర్ చూడండి. తరచుగా ఇంకు వెనక వైపు అతుక్కుని ఉంటుంది, ముందు గాలి బుడగ ఉంటుంది. సన్నని గొట్టంలో ఇంకు గోడల్ని పట్టుకుని కిందికి రాదు. వేలితో ఒక తట్టు తడితే దిగుతుంది. మాటిమాటికీ ఇదే అయితే కన్వర్టర్‌ని సబ్బు చుక్క నీళ్లతో కడగండి. లోపల చిన్న స్టీలు గోళీ ఉన్న కన్వర్టర్లు ఇందుకే పెట్టారు.

పేజీ పై సగంలో బాగా రాసి కింది సగంలో తెగుతోందా? పెన్నుని ఏమీ అనకండి. మీ అరచేతి జిడ్డు అప్పటికి కాగితం మీద పరుచుకుంది. చేతి కింద ఒక చిత్తు కాగితం పెట్టుకోండి. పాళీని పక్కకి తిప్పి పట్టుకున్నా ఇలాగే అవుతుంది, ఎందుకంటే మొన రెండు సగాలూ ఒకేసారి తగలాలి. పెన్ను కాగితానికి సుమారు 45 నుంచి 55 డిగ్రీల వాలులో ఉండాలి. బాల్ పెన్ను అలవాటున్న చెయ్యి పెన్నుని నిటారుగా పెట్టి నొక్కుతుంది. ఇంకు పెన్నుకి దాని బరువే చాలు.

కక్కితే

చాలామంది ఇంకు నిండుగా ఉంటే పెన్ను కక్కుతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. ఇంకు తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని ముందుకి తోస్తుంది. నాలుక అరలు నిండిపోయాక మిగిలింది బొట్టుగా పడుతుంది. బ్యారెల్లోకే ఫిల్లర్‌తో ఇంకు పోసే పెన్నుల్లో ఈ బాధ ఎక్కువ, వాటిలో చోటు పెద్దది, గాలికీ వేళ్లకీ మధ్య అడ్డం ఒక్క పలచని గోడే. మూడో వంతు మిగిలినప్పుడే మళ్లీ నింపేస్తే చాలామటుకు ఆగుతుంది.

అదే లెక్క విమానంలోనూ పనిచేస్తుంది. పైకి వెళుతున్నప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి, పెన్నులోని గాలి ఉబ్బుతుంది. కాబట్టి నిండా నింపి గానీ పూర్తిగా ఖాళీ చేసి గానీ తీసుకెళ్లాలి. పాళీ పైకి ఉండాలి. సగం నిండిన పెన్నే ప్రమాదం.

పాళీ ఉన్న భాగాన్ని బ్యారెల్‌కి బిగించే మరల దగ్గర తడి కనిపిస్తే, ఫిల్లర్ పెన్నయితే మరలకి సిలికాన్ గ్రీజు పలచగా రాసి బిగించండి. బియ్యపు గింజంత చాలు, ఎక్కువైతే నాలుకలోకి పాకి ఇంకుని అడ్డుకుంటుంది. వాజలీన్ రాయకండి, రబ్బరు రింగుల్ని అది ఉబ్బిస్తుంది. గ్రీజు పెట్టినా తడి ఆగకపోతే బ్యారెల్ మూతి దగ్గర సన్నని పగులు ఉందేమో వెలుతురుకి పెట్టి చూడండి. అతిగా బిగించే చేతులకే ఈ పగుళ్లు వస్తాయి.

క్యాప్ లోపల మాత్రమే ఇంకు మరకలుంటే అది కక్కడం కాదు, సంచిలో పెన్ను ఎగిరెగిరి పడడం. పాళీ పైన చీలిక పక్కన కొద్దిగా ఇంకు పాకడం కూడా రోగం కాదు, కొన్ని ఇంకుల నైజం. తుడవొచ్చు, మళ్లీ వస్తుంది.

గీరితే

ఇక్కడ పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. అది లేకుండా పాళీ మీద చెయ్యి వేయకండి. పెన్నుని కంటికి ఎదురుగా, మొన మీవైపు ఉండేలా పట్టుకుని వెలుతుర్లో చూడండి. మొన చివర రెండు చిన్న అర్ధగోళాలు కనిపిస్తాయి, మధ్యలో చీలిక. రెండూ ఒకే మట్టంలో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే కిందికి జారిన సగం అంచు కాగితాన్ని చెక్కుతుంది. ఏ వైపో చేత్తోనే తెలుసుకోవచ్చు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి, పైకి, కిందికి విడివిడిగా గీతలు గీయండి. ఒక్క దిక్కున మాత్రమే గీరితే రెక్కలు, అంటే చీలికకి రెండు పక్కలా ఉన్న పాళీ సగాలు, ఎగుడుదిగుడుగా ఉన్నట్టే. అన్ని దిక్కులా గీరితే మొన గరుకు.

సర్దే తీరు ఇది. కిందికి ఉన్న రెక్క అడుగున, మొనకి కాస్త వెనక, బొటనవేలి గోరు పెట్టి మెల్లగా పైకి ఎత్తి రెండు సెకన్లు ఉంచి వదలండి. భూతద్దంలో చూడండి. ఏమీ మారకపోతే ఇంకొంచెం. ఒక్కసారే గట్టిగా లాగితే రెక్క నాలుకని వదిలి ఎత్తుకుపోతుంది, అప్పుడు ఇంకు రావడమే మానేస్తుంది. గీరే పెన్నుల్లో చాలావాటికి ఇంతే మందు. దీన్ని దాటేసి సానకి దిగినవాళ్లు ఎగుడుదిగుడుని అలాగే ఉంచి ఒక పక్క మొనని అరగదీస్తారు.

మట్టం సరిగ్గా ఉండి ఇంకా గరుకుగా ఉంటేనే మైక్రోమెష్, అంటే సానపట్టే మహా సన్నరకం గరుకు కాగితం లాంటిది. 12000 నంబరుది తీసుకుని, పాళీలో ఇంకు ఉండగానే, మామూలుగా రాసే వాలులో, ఏమాత్రం నొక్కకుండా ఎనిమిది అంకె ఆకారంలో ఐదారుసార్లు తిప్పండి. మొన తుడిచి కాగితం మీద రాసి చూడండి. చాలకపోతే ఇంకో ఐదు. మొన మీద అతికించిన గట్టి లోహం చుక్క ఎంతో లేదు, తీసేసింది మళ్లీ అతకదు. మొదటి గీత పడని గుండ్రటి మొనకి కూడా ఇదే పద్ధతి. ఇంకా ఎక్కువసార్లు తిప్పాల్సి వస్తుంది, ప్రతి పదికీ ఆగి రాసి చూడాలి. విలువైన బంగారు పాళీ అయితే ఈ పని తెలిసినవాళ్లకి అప్పగించడమే మేలు.

చీలికలో కాగితం పీచు ఇరుక్కుంటే గీతలు మీసాలు తిరిగినట్టు వస్తాయి. గుండుసూది దూర్చకండి, అది రెక్కల్ని విడదీస్తుంది. 0.05 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇత్తడి రేకుని చీలికలో పైకీ కిందికీ ఒకటి రెండుసార్లు జరిపితే పీచు బయటపడుతుంది.

ఇంకు, కాగితం

డ్రాయింగ్‌కి వాడే ఇండియన్ ఇంకు ఇందులో పోయకండి. దాంట్లో లక్క ఉంటుంది, నాలుకలో ఎండితే నీళ్లకి కరగదు. నీళ్లకి చెరగని పిగ్మెంట్ ఇంకులు, ఇనుము కలిసిన పాతరకం ఇంకులు వాడొచ్చు గానీ, పెన్నులో ఎండనివ్వకూడదు, రెండు మూడు వారాలకోసారి కడగాలి. ఇనుము ఇంకుకి అమ్మోనియా పనికిరాదు, లోపలే అవక్షేపం కట్టి కూర్చుంటుంది.

అక్షరం అంచులు వేళ్లూనుకున్నట్టు పాకితే తప్పు చాలాసార్లు కాగితానిది. మందం ఒక్కటే చూసి కొంటే మోసపోతాం, పైపూత సరిగ్గా ఉన్న పలచని కాగితం పూతలేని మందపుదానికన్నా బాగా రాయిస్తుంది. కాగితం మార్చే వీల్లేకపోతే సన్నపాళీ వాడండి.

ఇక చొక్కా మీద పడిన బొట్టు. రుద్దకండి. అడుగున పాత గుడ్డ పెట్టి, పైనుంచి చన్నీళ్లు పోస్తూ టిష్యూతో అద్దుతూ పోండి, టిష్యూకి రంగు అంటడం ఆగేదాకా. ఆ తర్వాతే సబ్బు. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టెని దాని దరిదాపులకి రానివ్వొద్దు, వేడి తగిలితే రంగు నూలుని పట్టేస్తుంది.