జకరండా గింజలు కుళ్ళకుండా మొలవాలంటే

మా పర్లాకిమిడి వైపు నర్సరీలో జకరండా (ఊదారంగు పూలు పూసే చెట్టు) మొక్కకి రేటు గట్టిగానే చెప్తారు, పోనీ గింజలు వేద్దామా అంటే చాలామంది లోతుగా పాతేస్తారు, అవి కాస్తా కుళ్ళిపోతాయి. చెట్టు మీదే ఎండి గోధుమరంగుకొచ్చిన కాయ తెచ్చుకోండి, బిళ్ళలా చదునుగా గట్టిగా ఉంటుంది, విప్పితే లోపల పల్చటి కాగితం లాంటి రెక్కలతో గింజలుంటాయి (ఫ్యాన్ కింద మాత్రం విప్పకండి, ఇల్లంతా ఏరుకోవాలి). వాటిని 24 గంటలు నీళ్ళలో నానబెట్టి, ఖాళీ పాల ప్యాకెట్ అడుగున నాలుగు కన్నాలు పెట్టి, సగం ఇసక సగం కంపోస్టు నింపి, పైన గింజలు పరిచి 3 మిల్లీమీటర్ల మందాన మట్టి జల్లితే చాలు. స్ప్రేతోనే తడపండి, మగ్గుతో పోస్తే గింజ పైకి తేలిపోద్ది. రెండు మూడు వారాల్లో మొలకొస్తుంది. ముసురు పట్టినప్పుడు మాత్రం ఇది పనిచేయదు, ఎంత ఇసక కలిపినా కుళ్ళుతాయి, వానలు తగ్గేదాకా గింజలు కాగితం కవర్లో దాచుకోండి.