పెరటి కోళ్ల పెంపకం – 4వ పాఠం: దండెం ఎక్కించడం, పెట్టెలో గుడ్డు పెట్టించడం

కిందటి పాఠంలో పది కోళ్లకు సరిపడే గూడు కట్టుకోవడం, గాలి ఆడేందుకు గోడ పైభాగంలో జాలీ బిగించడం, పిల్లి, ముంగిస దూరకుండా అడుగున రాయి పేర్చడం చూశాం. గూడు సిద్ధమైంది కనుక కోళ్లు తమంతట తామే లోపలికి వెళ్లి పడుకుంటాయని, పొద్దున్నే పెట్టెలో గుడ్డు పెడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది ఏమిటంటే, చీకటి పడేసరికి సగం కోళ్లు మామిడి కొమ్మ మీదో రేకుల కప్పు మీదో ఉంటాయి, మిగిలినవి గూటి మూలలో ఒకదానినొకటి ఒరుసుకుంటూ నేల మీదే పడుకుంటాయి. గుడ్లేమో కట్టెల మోపు వెనకాల, గడ్డివాము అడుగున దొరుకుతాయి. కొన్ని అసలు దొరకవు. పడుకోవడం, గుడ్డు పెట్టడం రెండు వేర్వేరు విషయాలుగా కనిపించినా, వీటిని ఒకే వరుసలో నేర్పాలి: ముందు దండెం, అంటే రాత్రి కోళ్లు ఎక్కి పడుకునే అడ్డకర్ర, ఆ తరువాత గుడ్ల పెట్టె.

నాటుకోడి పిల్లలకు ఈ చదువు తల్లి దగ్గరే అయిపోతుంది. సాయంత్రం తల్లి ఎక్కడికి చేరితే పిల్లలూ అక్కడికే చేరతాయి, రెక్కలు వచ్చాక తల్లి ఎక్కిన చోటుకే ఎగరడం మొదలుపెడతాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి రకాల పిల్లలు అలా కాదు. అవి యంత్రంలో పొదిగి, బల్బు వేడి కింద పెరిగి, నాలుగైదు వారాల వయసులో మన చేతికి వస్తాయి. ఎత్తుకు ఎక్కి పడుకోవాలన్న కోరిక వాటికి పుట్టుకతోనే ఉంటుంది, ఎందుకంటే కోళ్ల పూర్వీకులైన అడవికోళ్లు నేటికీ రాత్రిళ్లు చెట్ల మీదే ఉంటాయి. లేనిదల్లా ఆ కోరికను తీర్చుకునే చోటు చూపించే తల్లి. ఆ పని మనం చేయాలి. పిల్లలు ఇంకా చిన్నవిగా ఉండగానే మీ చేతికి వస్తే, మూడు, నాలుగు వారాల వయసులోనే వాటి గదిలో జానెడు ఎత్తున సన్నని కర్ర ఒకటి అమర్చండి. చిన్ననాడే ఎక్కి దిగడం నేర్చిన పిల్లలు పెద్దయ్యాక నేల మీద గుడ్లు తక్కువగా పెడతాయి. దండెం ముందు అని చెప్పడానికి కారణం ఇదే: ఎక్కడం తెలియని పెట్టకు ఎత్తులో ఉన్న గుడ్ల పెట్టె కూడా అందనిదే అవుతుంది.

దండేనికి చెక్క మేలు. ఇనుప గొట్టం వేసవిలో కాలుతుంది, చలికాలంలో చల్లబడుతుంది, ఎప్పుడూ జారుతుంది. నున్నటి వెదురు కూడా జారేదే కనుక దాన్ని అలాగే వాడవద్దు. కోస్తాలో సులువుగా దొరికే సరుగుడు కర్ర గానీ, రెండంగుళాల వెడల్పు పట్టీ గానీ తీసుకుని, పై అంచులు గుండ్రంగా చెక్కించండి. కోడి కూర్చున్నప్పుడు పాదం పరుచుకుని, వేళ్లు అంచును పట్టుకోవాలి. కర్ర మరీ సన్నమైతే బరువంతా పాదం మధ్యన పడుతుంది. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల చోటు లెక్కన పది కోళ్లకు ఎనిమిది అడుగుల దండెం చాలు. అంత పొడవు లేకపోతే రెండు కర్రలను మెట్లలాగా, ఒకటి అడుగున్నర ఎత్తున, రెండోది దానికి అడుగు వెనుక, రెండున్నర అడుగుల ఎత్తున కట్టండి. రెండింటినీ నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి కడితే పైవాటి రెట్ట కిందివాటి మీద పడుతుంది. గోడకు, వెనుక కర్రకు మధ్య కూడా అడుగు ఎడం ఉండాలి, లేకపోతే తోక గోడకు రాసుకుంటుందని కోడి అక్కడ కూర్చోదు. వనరాజా బరువైన కోడి కనుక మూడడుగులు మించి ఎత్తు పెట్టవద్దు. పొద్దున్నే గట్టి నేల మీదికి దూకి దూకి పాదం అడుగున గడ్డ కట్టి కుంటే కోళ్లను చాలా పెరళ్లలో చూస్తాం. ఆ బాధ కోడికి రాకుండా చేయడం మన చేతిలో ఉన్న పనే.

ఇప్పుడు నేర్పడం. తొలి వారం రోజులు కోళ్లను బయటికి వదలకండి. గూటిలోనే మేత, నీళ్లు పెట్టండి. ఇది కఠినంగా తోస్తుంది గానీ, ఇల్లు ఏదో కోడి మనసుకు పట్టేది ఈ వారంలోనే. తరువాత మధ్యాహ్నం వదిలి, పొద్దు వాలడానికి అరగంట ముందు నూకలో జొన్నలో గూటిలో చల్లి పిలవండి. రోజూ అదే పిలుపు, అదే వేళ. పగలు మేత కాస్త తగ్గించి ఉంచితే సాయంత్రం పిలుపుకు విలువ ఉంటుంది. పూర్తిగా చీకటి పడకముందు గూటిలో కొద్దిపాటి వెలుతురు ఉండేలా చూసుకోండి, ఎందుకంటే కోడికి మసక వెలుతురులో చూపు సరిగా ఆనదు. లోపల బయటికంటే ముందే చీకటిగా ఉంటే అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఆ వేళ గూటి పక్కన కాసేపు నిలబడి చూడండి. దండెం కింద ఒక పెట్ట మెడ సాచి పైకి చూస్తుంది, తల వంచి ఒక కంటితో, మళ్లీ తిప్పి రెండో కంటితో దూరం అంచనా వేస్తుంది, మోకాళ్లు వంచుతుంది, ఎగరకుండానే పక్కకు జరిగి మళ్లీ అదే మొదలుపెడుతుంది. దానికి ఇష్టం లేక కాదు, ధైర్యం చాలక. దానికోసం కింది కర్రను ఇంకాస్త దించండి, లేదా ఇటుక ఒకటి మెట్టుగా వేయండి. అప్పటికీ ఎక్కనివాటిని బాగా చీకటి పడ్డాక చేతులతో ఎత్తి దండెం మీద కూర్చోబెట్టాలి. ఎత్తేటప్పుడు రెండు రెక్కలూ ఒంటికి ఆనించి పట్టుకోండి, పాదాలు కర్రకు తగిలి వేళ్లు బిగుసుకునేదాకా వదలకండి. టార్చి వెలుగు కళ్లలో కొట్టకండి. చీకట్లో కోడి కదలదు కనుక కూర్చోబెట్టిన చోటే తెల్లవారేదాకా ఉంటుంది. వారం, పది రాత్రులు విడవకుండా ఇలా చేస్తే ఎక్కువ కోళ్లకు అలవాటు పడుతుంది. మధ్యలో రెండు రాత్రులు మానేస్తే మొదటికి వస్తుంది.

గుడ్ల పెట్టెను తొలి గుడ్డుకు రెండు, మూడు వారాల ముందే అమర్చాలి. ఆ సమయం వచ్చిందని కోడిపెట్టే చెబుతుంది: తురాయి ఎర్రబడుతుంది, వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు కొద్దిగా ఎడం చేసి కిందికి ఒదుగుతుంది, వెనుక రెండు కటి ఎముకల మధ్య రెండు, మూడు వేళ్లు పట్టే ఎడం ఏర్పడుతుంది. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున పెట్టెలు చాలు. ప్రతి పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో అడుగు ఉండాలి. వనరాజాకు ఇంకో రెండంగుళాలు ఎక్కువ. పండ్ల అంగడి చెక్క పెట్టె, పాత వెదురు గంప, అడ్డంగా పడుకోబెట్టిన మట్టి కుండ, ఏదైనా సరే పనికొస్తుంది. ముందువైపు నాలుగైదు అంగుళాల అడ్డపట్టీ ఉంటే గడ్డి, గుడ్డు బయటికి దొర్లవు. లోపల వరిగడ్డి దట్టంగా పరవండి. పెట్టె పైకప్పు ఏటవాలుగా ఉండాలి, లేకపోతే దాని మీదే పడుకుంటాయి.

ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి: పెట్టె అడుగు దండెం కంటే కిందికే ఉండాలి. రాత్రి కోడి గూటిలో అన్నిటికంటే ఎత్తైన చోటు వెతుకుతుంది. పెట్టె ఎత్తులో ఉంటే అందులోనే పడుకుంటుంది, రాత్రి రెట్టలో ఎక్కువ భాగం అందులోనే పడుతుంది, పొద్దున ఆ మురికిలో గుడ్డు పెట్టడానికి ఇష్టపడక మూల వెతుక్కుంటుంది. అప్పటికే పెట్టెలో పడుకోవడం మరిగితే సాయంత్రం పెట్టెల నోటికి గోనెపట్టా కట్టి, కోళ్లన్నీ దండెం ఎక్కాక తీసేయండి. తెల్లవారకముందే గుడ్డుకు వచ్చే పెట్టకు తలుపు మూసి ఉండకూడదు.

గుడ్డు పెట్టబోయే పెట్ట కోరేది మసక చీకటి, మెత్తదనం, ఎవరూ తొక్కని చోటు. అందుకే పెట్టెలను గుమ్మానికి ఎదురుగా కాక పక్క గోడకు పెట్టాలి. లోపల ఒక గుడ్డు కనిపిస్తే పెట్టకు ఆ చోటు మీద నమ్మకం కుదురుతుంది కనుక, గుడ్డంత ఉన్న తెల్లటి గుండ్రాయి గానీ, చెక్కతో చేసి సున్నం పూసిన గుడ్డు గానీ ఉంచండి. నిజం గుడ్డు వదలవద్దు: అది పగిలితే కోళ్లు రుచి మరుగుతాయి, ఆ అలవాటు మాన్పించడం కష్టం.

చాలా గుడ్లు ఉదయమే పడతాయి కనుక గుడ్లు మొదలయ్యాక తొలి రెండు వారాలు పది, పదకొండు గంటలదాకా కోళ్లను లోపలే ఉంచండి. పెట్ట మూల మూలకూ తల దూర్చి చూస్తూ, సాగదీసి కూస్తూ, పెట్టెలోకి వెళ్లి వెనక్కి వస్తుంటే తొందరపెట్టవద్దు. చివరకు లోపల చుట్టూ తిరిగి రొమ్ముతో గడ్డిని అదిమి గుంత చేసుకుందంటే చోటు కుదిరినట్టే. మూలలో గుంత తవ్వుకుంటే మాత్రం అక్కడ ఇటుకలు పేర్చి వెలుతురు పడేలా చేయండి, నేల మీద పడిన గుడ్డును వెంటనే తీసేయండి. ఒకరు పెట్టిన చోటే మరొకరు పెట్టడం వాటి నైజం. నేల మీద ఒక్క గుడ్డు గంటసేపు మిగిలితే మరో రెండు తోడవుతాయి.

అలవాటైన కోళ్లు ఉన్నట్టుండి దండెం ఎక్కడం మానేస్తే, తప్పు వాటిది కాదు. రాత్రి టార్చితో కర్ర చివర్లు, గోడ పగుళ్లు చూడండి. పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి రక్తం పీల్చే గోమార్లు, ఎర్రటి సన్న పురుగులు కనిపిస్తాయి. కర్రలు ఊడదీసి ఎండలో వేసి, పగుళ్లు పూడ్చి, గోడలకు సున్నం కొట్టించి, కోళ్ల ఒంటికి వాడే మందు కోసం పశువైద్యశాలలో అడగండి. పెద్ద కోళ్లు పొడిచి కొత్తవాటిని ఎక్కనివ్వకపోతే రెండో కర్ర వేరే గోడకు కట్టడమే మార్గం.

పెట్టెలో ఒకే పెట్ట రోజంతా కదలకుండా కూర్చుని, చెయ్యి పెడితే ఈకలు రేపి గుర్రుమంటుంటే అది పొదుగుకు వచ్చిందని అర్థం. మిగతావి చోటు దొరక్క మళ్లీ నేల పాలవుతాయి కనుక, పిల్లలు చేయించే ఆలోచన లేకపోతే ఆ పెట్టను అడుగున జాలీ ఉన్న పంజరంలో, వెలుతురులో, మేత, నీళ్లు పెట్టి మూడు, నాలుగు రోజులు విడిగా ఉంచండి. పిల్లలు చేయించాలనుకుంటే ఏ గుడ్లు ఎంచాలో, 21 రోజులూ దాన్ని ఎలా చూసుకోవాలో వచ్చే పాఠంలో నేర్చుకుందాం.