డిగ్రీ క్లాసులో బ్లాగుతో పాఠం చెప్పడం ఎలా?

క్లాసు బ్లాగు మూడు నాలుగు వారాలకే చల్లబడిందంటే ముందు చూడాల్సింది మీరిచ్చిన ప్రశ్నను. 'డిమాండ్ సూత్రాన్ని వివరించండి' అంటే క్లాసులోని అరవై మందీ గైడులోంచో చాట్‌జీపీటీలోంచో ఒకే జవాబు దించేస్తారు. రెండు పోస్టులు చదివాక మూడోది ఎవరూ తెరవరు.

బి.ఏ. ఎకనామిక్స్ క్లాసు అనుకుందాం. ఇలా అడిగి చూడండి: 'మీ దగ్గర్లోని రైతు బజారుకో సంతకో వెళ్లి టమాటా ధర వారం రోజులు రాసుకోండి. ఏ రోజు బాగా మారింది? ఎందుకని ఇద్దరు అమ్మేవాళ్లను అడగండి. వాళ్లు చెప్పిన కారణం డిమాండ్‌కు చెందిందా, సప్లయికి చెందిందా?' ఈ జవాబు ఏ గైడులోనూ ఉండదు. బోయిన్‌పల్లి వైపు నుంచి వచ్చే కుర్రాడు మార్కెట్ యార్డు సంగతి రాస్తాడు, మెహదీపట్నం అమ్మాయి రైతు బజారు బోర్డు మీది ధర రాస్తుంది. ఒకరిది ఇంకొకరికి కొత్తగా ఉంటుంది కాబట్టి చదువుతారు. వారానికి ఒకటి చొప్పున ఇలాంటివి పది ప్రశ్నలు సెమిస్టరు మొదలయ్యేలోపే రాసి పెట్టుకోండి. అసలు కష్టమంతా ఇక్కడే.

బ్లాగు తెరవడం పదిహేను నిమిషాల పని. గూగుల్ వారి బ్లాగర్ ఉచితం, ఒక బ్లాగులో 100 మంది దాకా రాయొచ్చు. సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ దగ్గర విద్యార్థుల మెయిల్ ఐడీలకు ఆహ్వానాలు పంపండి. అందరినీ 'ఆథర్'గానే ఉంచాలి. ఆథర్ తన పోస్టులు మాత్రమే దిద్దుకోగలరు, అడ్మిన్‌కైతే ఎవరి పోస్టునైనా చెరిపేసే వీలుంటుంది. మీతోపాటు డిపార్టుమెంటులో ఇంకొకరిని అడ్మిన్ చేయండి. లేకపోతే మీకు బదిలీ అయిన రోజున బ్లాగు దిక్కులేనిదవుతుంది.

బ్లాగు క్లాసు వాళ్లకు మాత్రమే కనిపించేలా పెట్టండి. మొదటి ఏడాది పిల్లల్లో చాలామందికి 18 ఏళ్లు నిండవు. హాల్‌టికెట్ నంబర్లు, ఫోన్ నంబర్లు పోస్టులో రాయకూడదని, అమ్మేవాళ్ల ఫొటో వాళ్లనడక్కుండా పెట్టకూడదని మొదటి రోజే చెప్పండి.

మొదటి వారం మార్కులు వద్దు. ల్యాబులో ఒక గంట కూర్చోబెట్టి ఒక్కొక్కరితో ఐదు లైన్ల పోస్టు పెట్టించండి. చిక్కులన్నీ అప్పుడే బయటపడతాయి. ఎక్కువగా వచ్చేది ఫాంటు గొడవ: డీటీపీ సెంటర్లో అను ఫాంటులో టైపు చేయించిన ఫైలు తెచ్చి అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, అది ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్ పద్ధతి కాదు గనుక. ఫోన్‌లో గూగుల్ వారి జీబోర్డు తెలుగు కీబోర్డుతో నేరుగా టైపు చేయడం నేర్పండి, నోరు తిరిగినవాళ్లు మైకు నొక్కి చెప్పి తర్వాత దిద్దుకోవచ్చు. సిగ్నల్ పోతే రాసిందంతా పోయే ప్రమాదముంది, అందుకని ముందు ఫోన్ నోట్స్‌లో రాసుకోమనండి.

అరవై మందీ ప్రతివారం రాస్తే మీరు చదవలేరు. పన్నెండు మంది చొప్పున ఐదు జట్లు చేయండి. ఒక వారం ఒక జట్టు బుధవారం రాత్రికల్లా 300 పదాల్లో పోస్టులు పెడుతుంది, మరో జట్టు శనివారంలోగా వ్యాఖ్యలు రాస్తుంది, మిగతావాళ్లు చదువుతారు. పది వారాల్లో ప్రతి జట్టుకూ రెండుసార్లు రాసే వంతు వస్తుంది. పోస్టుకు ఏడు నిమిషాలు వేసుకున్నా మీకు వారానికి గంటన్నరలోపే.

వ్యాఖ్యల విషయంలో గట్టిగా ఉండండి. 'సూపర్', 'బాగుంది' లెక్కలోకి రావు. పోస్టులోని ఒక మాటను ఎత్తి చూపి, దాని మీద ఒక ప్రశ్న అడగాలి: 'మంగళవారం కిలోకు నాలుగు రూపాయలు తగ్గిందన్నావు. ఆ రోజు సరుకు ఎక్కువ దిగిందా, కొనేవాళ్లు తగ్గారా?' ఇలాంటి ప్రశ్న పడితే రాసినవాళ్లు మళ్లీ బజారుకెళ్లి కనుక్కుంటారు. శనివారం దాకా మీరు వ్యాఖ్య పెట్టకండి. సారో మేడమో ఒక మాట అన్నాక దానికి ఎదురు రాసే విద్యార్థి అరుదు. అచ్చుతప్పులు అందరి ముందూ ఎత్తకుండా విడిగా చెప్పండి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో రాసే పిల్లలు ఒక్కసారి చిన్నబుచ్చుకుంటే రెండోసారి కాపీకే దిగుతారు.

వంతుకు పది మార్కులైతే సొంతంగా గమనించినదానికి 4, పాఠంతో ముడిపెట్టినదానికి 3, స్పష్టతకు 1, వ్యాఖ్యలకు 2 ఇవ్వొచ్చు. సోమవారం క్లాసులో మొదటి పది నిమిషాలు రెండు పోస్టులు ప్రొజెక్టర్ మీద చూపించి, అక్కడి నుంచే ఆ రోజు పాఠం ఎత్తుకోండి. ఇది మానేస్తే బ్లాగు ఉత్త హోంవర్కు పుస్తకమైపోతుంది.

సెమిస్టరు అయ్యాక సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి ఫైలు దించుకోండి. పోస్టులు, వ్యాఖ్యలు అందులో వస్తాయి. ఫొటోలు రావు, వాటిని విడిగా దాచుకోవాలి.